పూలమడికి అంచు కట్టడం ఎలా: ఇటుక కదలకూడదు, గడ్డి దూరకూడదు

ఇంటి తోట గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఎరువుల గురించో పురుగుల గురించో అనుకుంటారు. కాదు. "పూలమడి చుట్టూ ఇటుకలు పేర్చాం, ఆరు నెలలు తిరక్కుండానే వంకర పోయాయి, ఎందుకు?" అని అడుగుతారు. దాని వెనకే రెండో ప్రశ్న: "అంచు కట్టాక కూడా గరిక లోపలికి ఎలా వస్తోంది?"

రెండింటికీ మూలం ఒకటే. ఇటుకలను నేల మీద పేర్చి వదిలేశారు. అంచు ఎంత చిన్నదైనా అది ఒక కట్టడం, దానికి పునాది కావాలి. పైకి కనిపించేది అర అంగుళమో అంగుళమో. గడ్డిని ఆపేదీ, ఇటుకను నిలబెట్టేదీ మట్టిలో ఉన్న భాగమే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని కింద చెప్పిన వరుసలో పని చేయండి. 20 అడుగుల అంచును ఇద్దరు కలిసి తీరిగ్గా రెండు రోజుల్లో పూర్తి చేయవచ్చు. ఒక్కరే అయితే మూడు రోజులు పెట్టుకోండి, తొందరపడకండి.

ముందు ఏ అంచు కావాలో తేల్చుకోండి

మడి పక్కన పచ్చిక ఉంటే, గడ్డి కోసే యంత్రం చక్రం అంచు మీద నడిచేలా ఇటుకను పడుకోబెట్టి నేల మట్టానికి బిగించడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పేది దాని గురించే. మడి నేలకన్నా ఎత్తుగా ఉండి, మట్టి బయటికి జారుతుంటే ఇటుకను నిలువుగా పాతాలి.

బండరాళ్లు అందంగా ఉంటాయి. అయితే వాటి మధ్య సందులన్నీ గడ్డికి దారులే, కాబట్టి పచ్చిక పక్కన వద్దు. చెక్కను చెదలు తింటాయి, తడికి కుళ్లుతుంది. పాత రైలు స్లీపర్లకు క్రియోసోట్ అనే తారునూనె పట్టించి ఉంటుంది, పిల్లలు కూర్చునే చోట, కూరగాయల పక్కన వాటిని వాడకండి. ప్లాస్టిక్ పట్టీ మెలికలకు చక్కగా ఒదుగుతుంది. చుట్ట విప్పి గంటసేపు ఎండలో పరిస్తే మెత్తబడి చెప్పినట్లు వింటుంది. కానీ ప్రతి మూడడుగులకు ఒక మేకు దిగ్గొట్టకపోతే పైకి లేస్తుంది. ఇనుప రేకు పట్టీ వాడితే పై అంచు మడిచినదే తీసుకోండి, కోసిన అంచు కాలిని చీరుస్తుంది. గాజు సీసాలను తలకిందులుగా పాతడం కొందరికి ఇష్టం. పార తగిలి ఒక్కటి పగిలినా ఆ ముక్కలు ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోతాయి, దయచేసి ఆ పని చేయకండి.

పొట్టి మొక్కలనే వరుసగా నాటి అంచుగా పెంచవచ్చు. చూపుకు ఇంతకన్నా హాయైనది లేదు. అయితే అది గడ్డిని ఆపదు. ఇటుక అంచుకు లోపలి వైపున రెండో వరుసగా నాటుకుంటే బాగుంటుంది.

కావలసినవి

- పార, గునపం, చేతి తాపీ, మట్టి ఎత్తడానికి తట్ట
- పురికొస, చెక్క గూటాలు, కొలత టేపు
- మెలికల కోసం నీళ్ల పైపు, గీత గీయడానికి పొడి ఇసుక
- నేలను కొట్టి గట్టిపరిచే దిమ్మిస (లేకపోతే బరువైన చెక్కదుంగ)
- రసమట్టం (సమంగా ఉందో లేదో చూపే పనిముట్టు), నాలుగడుగుల తిన్నని చెక్క బద్ద
- రబ్బరు సుత్తి
- ఇటుకలు, ముతక ఇసుక లేదా రాతిపొడి, సందులకు సన్న ఇసుక
- చేతి తొడుగులు, ఇటుక కొట్టేటప్పుడు కళ్లద్దాలు

ఇటుక ఎంపికలో మొహమాటపడకండి. గోడలో ఇటుకకు పూత రక్షణ ఉంటుంది, అంచులో ఇటుక జీవితాంతం తడి మట్టిలోనే ఉంటుంది. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టండి: ఖంగుమని మోగితే బాగా కాలినట్లు, బద్దుమంటే సరిగా కాలనట్లు. గోటితో గీస్తే గీత పడకూడదు. ఛాతీ ఎత్తు నుంచి మామూలు నేల మీదికి వదిలితే విరగకూడదు. అనుమానం తీరకపోతే ఒక పొడి ఇటుకను తూచి, రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు అయిదో వంతుకు మించి పెరిగితే ఆ రకం పక్కన పెట్టేయండి, రెండు వర్షాకాలాలకే పొరలుపొరలుగా ఊడిపోతుంది.

ఎన్ని కావాలో లెక్క ఇలా. మీ ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉందనుకుందాం. 20 అడుగులంటే 240 అంగుళాలు. ఇటుకలను పొడవునా పడుకోబెడితే 27 చాలు. అడ్డంగా పడుకోబెడితే 54 కావాలి. నిలువుగా, మందం వైపు ఒకదానికొకటి ఆనించి పాతితే 80. ఏ లెక్కకైనా పదింట ఒకటి అదనంగా తెచ్చుకోండి. మీ ఇటుక కొలత వేరైతే అంగుళాలతో భాగించి చూసుకోండి.

పని వరుస

1. నేల పదును చూడండి. గట్టిగా ఎండిన నేలలో కందకం అంచులు పెచ్చులూడతాయి, బురదలో పునాది కుదరదు. గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నీళ్లు కారితే రెండు రోజులు ఆగండి. ముద్దే కట్టకపోతే సాయంత్రం బాగా తడిపి మర్నాడు మొదలుపెట్టండి. నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎటు వెళ్తున్నాయో ఇప్పుడే తెలుసుకోండి. తెలియని చోట గునపం వేయకండి.

2. గీత పరచండి. నిటారు అంచుకు రెండు చివర్లా గూటాలు పాతి పురికొస లాగి కట్టండి. మూలమట్టం కావాలంటే మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య ఐమూల సరిగ్గా 5 అడుగులుంటే మూల కుదిరినట్లే. గుండ్రటి మడికి నడిమధ్య ఒక గూటం, దానికి వదులుగా కట్టిన తాడు, తాడు చివర ఒక పుల్ల చాలు. మెలికలకు నీళ్ల పైపును కాసేపు ఎండలో ఉంచి, మెత్తబడ్డాక పరచండి.

పైపు పరిచాక వెంటనే తవ్వకండి. ఒక పగలంతా అలాగే వదిలేయండి. గుమ్మంలో నిలబడి చూడండి, మేడ ఉంటే పైనుంచి చూడండి, మీరు రోజూ కూర్చునే చోటు నుంచి చూడండి. నీళ్ల బకెట్ పట్టుకుని పక్కన నడవండి, కాలు పైపుకు తగులుతోందా? దగ్గర నుంచి అందంగా కనిపించిన చిన్న చిన్న మెలికలు దూరం నుంచి వణికిన గీతలా కనిపిస్తాయి. పెద్ద వంపు ఒకటో రెండో చాలు. కుదిరిందనిపించాక పైపు వెంట పొడి ఇసుక జారవిడిచి గుర్తు పెట్టండి. దీనికి సున్నం వాడకండి, అది మట్టి గుణాన్ని మారుస్తుంది.

ఇంటి గోడను ఆనుకుని మడి వద్దు, మట్టి ఆనిన గోడకు చెమ్మ ఎక్కుతుంది. చెట్టు మొదలు చుట్టూ బిగుతుగా కూడా కట్టవద్దు. లావు వేరు అడ్డం వస్తే వేరును నరకకండి, గీతనే పక్కకు జరపండి.

3. కందకం తవ్వండి. వెడల్పు ఇటుక వెడల్పుకన్నా రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. లోతుకు లెక్క ఇది: పునాదిగా వేసే ఇసుక పరుపు 2 అంగుళాలు, దాని మీద ఇటుక ఎత్తు, అందులోంచి నేల పైకి కనిపించాల్సిన ఎత్తు తీసేయాలి. పడుకోబెట్టిన ఇటుక అర అంగుళం పైకి కనిపించాలంటే 2, 3 కలిపి అర తీసేస్తే నాలుగున్నర అంగుళాలు. 9 అంగుళాల ఇటుకను నిలువుగా పాతి 3 అంగుళాలు పైకి ఉంచాలంటే 8 అంగుళాలు. నిలువు ఇటుక మూడింట రెండు వంతులు మట్టిలో ఉండాలన్నది నేను దాటని హద్దు. సగమే పాతిన ఇటుకను మడిలోని తడిసిన మట్టి నెమ్మదిగా బయటికి తోసేస్తుంది.

పచ్చిక వైపు గోడను పారతో తిన్నగా, నిట్టనిలువుగా కోయండి. తీసిన గరిక దుంపలను, కాడలను ఏరి ఎండలో పూర్తిగా మాడ్చాలి. పచ్చివి ఎరువు గుంటలో వేస్తే అక్కడినుంచి తోటంతా పాకుతాయి.

4. అడుగును దిమ్మిస కొట్టండి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది, ఇటుకలు వంకర పోయేది కూడా ఇక్కడే. తవ్వినప్పుడు అడుగున మిగిలిన వదులు మట్టిని చేత్తో తీసేయండి, తర్వాత దిమ్మిస వేయండి. మొదట్లో దెబ్బకు మెత్తటి శబ్దం వస్తుంది. కొడుతున్నకొద్దీ అది గట్టి పడుతుంది, దిమ్మిస చేతిలో ఎగిరినట్లు అనిపిస్తుంది. అప్పుడు ఆపండి. మడమ మీద బరువంతా వేసి నిలబడి చూడండి. మడమ గుర్తు గుంటలా పడితే ఇంకా కొట్టాలి.

5. ఇసుక పరుపు వేయండి. ముతక ఇసుక లేదా రాతిపొడి రెండున్నర అంగుళాలు పోసి, కాస్త నీళ్లు చిలకరించి దిమ్మిస వేస్తే 2 అంగుళాలకు దిగుతుంది. చెక్క బద్దతో చదును చేయండి. ఎండితే బీటలు వారి, తడిస్తే ఉబ్బే నల్లరేగడి నేల అయితే ఈ పరుపు 4 అంగుళాలు వేయండి, కందకం ఆ మేరకు లోతు చేసుకోండి. అలాంటి నేలలో సిమెంటుతో బిగించిన అంచు పగులుతుంది. వదులుగా పేర్చినది నేలతో పాటు కదిలి మళ్లీ సర్దుకుంటుంది.

6. ఇటుకలు వేయండి. కావలసిన ఎత్తులో పురికొస లాగండి, కంటి అంచనాను నమ్మకండి. మూల నుంచో, ఎక్కువగా కనిపించే చివర నుంచో మొదలుపెట్టండి. ఒక్కొక్క ఇటుకను పైనుంచి నిటారుగా దించండి. పక్కకు జరుపుతూ పెడితే ముందు ఇసుకను తోసుకుపోయి ఒక చివర లేస్తుంది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు చాలు. ఇనుప సుత్తే ఉంటే మధ్యలో చెక్కముక్క పెట్టి కొట్టండి.

ప్రతి ఇటుకనూ రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా మార్చి మార్చి నొక్కి చూడండి. ఊయలలా ఊగితే కింద మధ్యలో ఇసుక మిట్ట ఉన్నట్లు. తీసి, తాపీ అంచుతో ఆ మిట్టను గీరి, మళ్లీ పెట్టండి. పక్కల ఇసుక కూరి ఆపుదామనుకోకండి, మొదటి పెద్ద వానకు ఆ ఇసుక కొట్టుకుపోతుంది. అయిదేసి ఇటుకలకు ఒకసారి చెక్క బద్ద మీద రసమట్టం పెట్టండి. నేల వాలుగా ఉంటే అంచు కూడా నేలతో పాటు వాలడమే సరి. వాలు నేలలో అంచును పూర్తి సమమట్టంగా కట్టాలని పట్టుపడితే ఒక చివర గాల్లో తేలుతుంది.

వంపు తిరిగే చోట ఇటుకలను అడ్డంగా వేయండి. లోపలి మూలలు ఒకదానికొకటి ఆనాలి, బయట సందు చీలికలా విచ్చుకుంటుంది. ఆ సందు అర అంగుళం దాటితే వంపు బిగుతుగా ఉన్నట్లు, అక్కడ సగం ఇటుకలు వాడండి. ఇటుకను సగం చేయాలంటే చుట్టూ నాలుగు వైపులా ఉలితో గాటు పెట్టి, ఇసుక మీద ఉంచి ఒక్క దెబ్బ వేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

7. నీటికి దారి ఉంచండి. పల్లం వైపు ప్రతి ఆరడుగులకు ఒక అంగుళం సందు వదిలి, అందులో చిన్న కంకర నింపండి. నా మొదటి మడికి నేను ఈ సందులు వదల్లేదు. జానెడు ఎత్తున, సిమెంటుతో పూడ్చి, చుట్టూ గట్టిగా కట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు మడి తొట్టిలా నిండి ఉంది, పూతకు వచ్చిన బంతి మొక్కలు వేళ్లు కుళ్లి వాలిపోయాయి. ఒకటి పీకి చూస్తే వేరు పైతోలు వేళ్ల మధ్య ఊడి వచ్చింది. మర్నాడే ఆరడుగులకు ఒక ఇటుక చొప్పున పగలగొట్టి తీశాను.

8. ఇటుకల మధ్య సన్న సందులు నింపండి. బాగా ఎండిన సన్న ఇసుకను పైన పోసి చీపురుతో సందుల్లోకి ఊడ్చండి. తడి ఇసుక పైనే ఆగిపోతుంది, లోపల బోలుగా ఉంటుంది. సన్నగా నీళ్లు చల్లి, ఇసుక దిగాక మళ్లీ నింపండి. వానలు బాగా కురిసే చోట ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక పొడిగా కలిపి ఊడ్చి, పొగమంచులా నీళ్లు చల్లవచ్చు. అలా చేస్తే ఇటుకల ముఖం మీద ఉన్న సిమెంటు పొడిని ముందే పూర్తిగా తుడిచేయండి, మరక తర్వాత పోదు. వారం పాటు రోజూ తడపండి. సిమెంటును ఉత్త చేతులతో ముట్టవద్దు.

9. రెండు వైపులా మట్టి కూరండి. ఇటుకకు అటూ ఇటూ మిగిలిన సందులో మట్టిని కొద్దికొద్దిగా పోస్తూ చెక్కముక్కతో కూరండి. ఒక వైపే పూర్తిగా కూరి తర్వాత రెండో వైపు మొదలుపెడితే వరుస మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. అటు కాస్త, ఇటు కాస్త. మడి లోపలి మట్టి, దాని మీద పరిచే ఎండుటాకుల పొర, ఇటుక తలకన్నా కనీసం ఒక అంగుళం కిందే ఉండాలి.

ఖర్చు లేని అంచు కావాలంటే

పార ఒక్కటి చాలు. గీత వెంట పచ్చిక వైపు 4 నుంచి 6 అంగుళాల లోతుకు నిట్టనిలువుగా కోయండి. మడి వైపు నుంచి ఏటవాలుగా మట్టి తీస్తూ ఆ కోత అడుగుకు కలపండి. ఒక పక్క గోడ, ఒక పక్క వాలు ఉన్న చిన్న కాలువలా తయారవుతుంది. గడ్డి కాడ గోడ దాటి గాల్లోకి వచ్చి వేలాడుతుంది, కత్తెరతో కత్తిరించేయవచ్చు. ఆ కాలువలో ఎండుటాకులు నింపకండి, గడ్డికి వంతెన కట్టినట్లే. ఏడాదికి రెండు మూడుసార్లు మళ్లీ కోయాలి. ప్రతిసారీ పచ్చికను ఇంకాస్త కోసుకుంటూ పోకుండా, చెదిరిన గోడను సరిచేయడం వరకే చేయండి. ఇసుక నేలలో ఈ గోడ నిలవదు, అక్కడ ఇటుకే దారి. మడి ఆకారం ఇంకా తేల్చుకోలేకపోతున్నవాళ్లు మొదటి ఏడాది ఇదే పెట్టుకోవాలని నా సలహా. మనసు మారితే నష్టం లేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇటుకలు ఒక్కచోటే కుంగితే అక్కడ పాత గుంట పూడ్చిన వదులు మట్టి ఉండి ఉంటుంది. ఆ నాలుగు ఇటుకలు తీసి, అడుగు మళ్లీ కొట్టి వేయండి, మొత్తం విప్పనక్కర్లేదు. వరుస అంతా బయటికి ఒరిగితే లోపలి మట్టి ఎత్తు ఎక్కువైందని అర్థం. మట్టి తగ్గించకుండా ఇటుకలను మళ్లీ నిలబెట్టినా అదే జరుగుతుంది.

గరిక విషయం కాస్త వివరంగా చెప్పాలి. అది నేల పైన కాడలతోనూ పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. పడుకోబెట్టిన 3 అంగుళాల ఇటుక పై కాడలను కనిపించేలా చేస్తుంది, లోపలివాటిని పూర్తిగా ఆపలేదు. గరిక దట్టంగా ఉన్న పచ్చిక పక్కన నిలువు ఇటుకే మేలు, దానితో పాటు నెలకోసారి మీ చేయి కూడా కావాలి. తుంగ సంగతి వేరు. అది నేలలోని గడ్డల నుంచి మొలుస్తుంది, సూదిలాంటి మొలకతో ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకుని పైకి వస్తుంది. ఏ అంచూ దాన్ని ఆపదు. మడిలో తుంగ ఉంటే అంచు కట్టకముందే గడ్డలతో సహా తవ్వి తీయాలి.

ఇంకొకటి, మొక్కలు నాటాక అంచు మొదలుపెట్టడం. కందకం తవ్వేటప్పుడు అంచు మొక్కల వేళ్లు సగం తెగుతాయి. మొక్కలు ఇప్పటికే ఉంటే గీతను వాటి కాండం నుంచి కనీసం ఒక అడుగు దూరం జరపండి.

కుదిరిందో లేదో చూడటం

పని అయిన రోజే ఇటుకల వరుస మీద మెల్లగా నడవండి. ఒక్కటి ఊగినా పాదానికి తెలుస్తుంది. తర్వాత ఒక చివర నేలకు చెంప ఆనేంత వంగి, ఒక కన్ను మూసి వరుస వెంట చూడండి. నిలబడితే కనిపించని ఎత్తుపల్లాలు అప్పుడు బయటపడతాయి. చివరగా మడి మధ్యలో రెండు బకెట్ల నీళ్లు పోయండి. కంకర సందుల్లోంచి నీరు బయటికి రావాలి, మట్టి రాకూడదు. మట్టి వస్తుంటే సందులో కంకర ఇంకా చిన్నది వేయండి. అరగంట తర్వాత కూడా అంచు పక్కన నీరు నిలిచి ఉంటే ఆ చోట ఇంకో సందు తెరవండి.

అసలు పరీక్ష మొదటి పెద్ద వాన. అది వెలిసిన మర్నాడు సన్న ఇసుక తట్టతో బయటికి వెళ్లండి, సందులు కచ్చితంగా కాస్త దిగి ఉంటాయి. నింపండి. ఆ తర్వాత నెలకోసారి పాత కత్తితో ఇటుక బయటి అంచు వెంట ఒక గీత లాగండి, దాటడానికి సిద్ధంగా ఉన్న గడ్డి కాడలు తెగిపోతాయి. మిగిలిన ఇటుకల్లో ఓ పది తోటలోనే ఒక మూల, ఎండావానా తగిలే చోట ఉంచండి. రెండేళ్ల తర్వాత ఒకటి పగిలి కొత్తది వేయాల్సి వస్తే, అంచులో ఉన్నవాటితో పాటు వెలిసిన రంగు వాటికే ఉంటుంది.